యాడ్, కమిట్, పుష్ దాటాక తడబాటు ఎందుకు? గిట్, మార్క్‌డౌన్ నేర్చుకోవడంపై విశ్లేషణ

సంక్షిప్తంగా

ఫైళ్లలో చేసిన మార్పుల హిస్టరీని దాచే ప్రోగ్రామ్ గిట్. అది కష్టంగా అనిపించడానికి కమాండ్లు ఎక్కువగా ఉండటం ఒక్కటే కారణం కాదు. అది లోపల ఏం దాస్తుందో, ఏ మార్పు ఏ దశలో ఉందో తెలియకుండా కమాండ్లను బట్టీ పట్టడం వల్లే ఎక్కువ ఇబ్బంది వస్తోంది. మామూలు టెక్స్ట్‌లోనే చిన్న గుర్తులతో శీర్షికలు, జాబితాలు రాసే మార్క్‌డౌన్ చూడటానికి చిన్న విషయమే అయినా గిట్ పనితీరుకు సరిగ్గా అమరే రాత పద్ధతి. అందుకే రెండింటినీ కలిపి నేర్చుకుంటే త్వరగా పట్టుబడతాయి. తెలుగులో రాసేవారికి కొన్ని అదనపు చిక్కులు ఎదురవుతాయి గానీ వాటికి తేలిక పరిష్కారాలే ఉన్నాయి.

ఎక్కడ తడబడుతున్నారు?

ఇంజినీరింగ్ రెండో ఏడాదికి వచ్చేసరికి గిట్ పేరు వినని విద్యార్థి ఇప్పుడు అరుదు. ప్లేస్‌మెంట్ల సీజన్ దగ్గరపడితే గిట్ ప్రాజెక్టులను ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ సైట్ లింక్ రెజ్యూమెలో ఉండాలని సీనియర్లు చెబుతారు. ఒక వీడియో చూస్తే గిట్ యాడ్ (మార్పులను ఎంచడం), గిట్ కమిట్ (వాటిని నమోదు చేయడం), గిట్ పుష్ (సర్వర్‌కు పంపడం) అనే మూడు కమాండ్లను వరుసగా కొట్టడం వచ్చేస్తుంది. ఒక్కరే, ఒకే కంప్యూటర్‌లో పని చేసుకుంటున్నంత కాలం ఆ మూడే సరిపోతాయి.

మొదటిసారి పుష్ రిజెక్ట్ అయినప్పుడో, మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ (రెండువైపుల మార్పులు కలవకపోవడం) వచ్చినప్పుడో, ‘డిటాచ్డ్ హెడ్’ అనే మెసేజ్ కనబడినప్పుడో టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు చాలామంది ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసి, మళ్లీ క్లోన్ చేసుకుని (సర్వర్ నుంచి పూర్తి కాపీ తెచ్చుకుని), పక్కన దాచుకున్న ఫైళ్లను అందులోకి కాపీ చేస్తారు. పని గడిచిపోతుంది గానీ, పుష్ చేయని కమిట్లన్నీ ఆ డిలీట్‌తో పోతాయి. హిస్టరీని కాపాడటానికే వాడుతున్న సాధనంతో హిస్టరీని పోగొట్టుకోవడం ఇది.

ఈ తడబాటు కొత్తవారికే పరిమితం కాదు. ‘చివరి లోకల్ కమిట్‌ను వెనక్కి తీసుకోవడం ఎలా’ అనే ప్రశ్న 2009 నుంచి ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఉంది. ఆ సైట్‌లో అత్యధిక ఓట్లు పడ్డ ప్రశ్నల్లో అదొకటి. ఇంతమంది ఒకే చోట ఆగిపోతున్నారంటే నేర్చుకునేవారి తెలివిని అనుమానించి లాభం లేదు. సాధనం ఎవరి కోసం తయారైందో, దాన్ని ఎలా నేర్పుతున్నారో చూడాలి.

గిట్ ఎవరి అవసరానికి పుట్టింది?

ప్రోగ్రామ్‌లో మార్పులను నమోదు చేసే పద్ధతులు గిట్‌కు మూడు దశాబ్దాల ముందు నుంచే ఉన్నాయి. 1972లో బెల్ ల్యాబ్స్‌లో ఎస్‌సీసీఎస్, 1980ల్లో ఆర్‌సీఎస్, సీవీఎస్, 2000లో సబ్‌వెర్షన్ మొదలయ్యాయి. సీవీఎస్‌లోనూ, సబ్‌వెర్షన్‌లోనూ మధ్యలో ఒక సర్వర్ ఉంటుంది. కమిట్ చేస్తే మార్పు నేరుగా ఆ సర్వర్‌కే చేరుతుంది. అర్థం చేసుకోవడానికి అది తేలిక. నెట్ లేకపోతే మాత్రం కమిట్ చేయడం కుదరదు.

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూల భాగమైన కెర్నల్‌కు ఆ పద్ధతి సరిపోలేదు. ప్రపంచమంతా చెదిరి ఉన్న ప్రోగ్రామర్లు ఈమెయిల్‌లో పంపే ప్యాచ్‌లను (మార్పుల ముక్కలను) లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్, ఆయన కింది మెయింటెయినర్లు కలుపుకుంటూ పోవాలి. 2002 నుంచి వారు బిట్‌కీపర్ అనే వాణిజ్య సాఫ్ట్‌వేర్‌ను ఉచిత లైసెన్స్‌పై వాడారు. 2005లో వివాదం వచ్చి ఆ ఉచిత లైసెన్స్ ఆగిపోయింది. టోర్వాల్డ్స్ ఏప్రిల్ 3న కొత్త సాధనం రాయడం మొదలుపెట్టారు. ఏప్రిల్ 7 నాటికే గిట్ తన కోడ్‌ను తనలోనే దాచుకునే స్థితికి వచ్చింది. జులైలో నిర్వహణ బాధ్యత జూనియో హమానో చేతికి వెళ్లింది. ఆ ఏడాది డిసెంబర్‌లో 1.0 వెర్షన్ విడుదలైంది.

ఈ పుట్టుక గిట్ స్వభావాన్ని నిర్ణయించింది. క్లోన్ చేసిన ప్రతి కాపీలోనూ పూర్తి హిస్టరీ ఉంటుంది. కమిట్ సొంత కంప్యూటర్‌లోనే జరుగుతుంది, దాన్ని ఇతరులకు పంపే పుష్ వేరే పని. సబ్‌వెర్షన్‌లో కమిట్లకు 1, 2, 3 అని వరుస నంబర్లు ఉంటాయి. గిట్‌లో ఆ వీలు లేదు. మధ్యలో సర్వర్ లేనప్పుడు నంబర్లు పంచేవారు ఎవరూ ఉండరు కాబట్టి, కమిట్‌లో ఉన్న సమాచారం నుంచే 40 అక్షరాల గుర్తింపును లెక్కగట్టాలి. కొత్తవారిని బెదరగొట్టే ఆ పొడవాటి అంకెలు, అక్షరాల వరుస వెనక ఉన్న కారణం ఇదే.

వేలమంది పనిచేసే ప్రాజెక్టు పెద్దల కోసం తయారైన సాధనంతో ఒక విద్యార్థి క్యాలిక్యులేటర్ ప్రోగ్రామ్‌ను దాచుకుంటున్నాడు. మొదట్లో అది అవసరానికి మించి పెద్దదిగా కనిపించడం సహజమే.

కమిట్‌లో నిజంగా ఏముంటుంది?

కమిట్ అంటే ‘ఈసారి మారిన లైన్ల జాబితా’ అని చాలామంది ఊహించుకుంటారు. స్క్రీన్ మీద కనిపించేది డిఫ్, అంటే పాత, కొత్త రూపాల మధ్య తేడా కాబట్టి ఆ ఊహ సహజం. గిట్ దాచేది మాత్రం ఆ క్షణానికి ప్రాజెక్టు మొత్తం ఎలా ఉందో చూపే స్నాప్‌షాట్. ప్రతి ఫైల్లోని సమాచారం ఒక ‘బ్లాబ్’గా, ఫోల్డర్ అమరిక ఒక ‘ట్రీ’గా నమోదవుతాయి. కమిట్ ఆ ట్రీని చూపిస్తుంది. దాంతోపాటు రాసినవారి పేరు, ఈమెయిల్, సమయం, మెసేజ్, ముందు కమిట్ గుర్తింపు కూడా అందులో ఉంటాయి.

అలాగైతే వంద కమిట్లకు వంద కాపీలు పేరుకుపోవా అనే అనుమానం వస్తుంది. మారని ఫైల్‌కు గిట్ కొత్త కాపీ తయారు చేయదు. పాత బ్లాబ్‌నే కొత్త ట్రీ మళ్లీ చూపిస్తుంది. తర్వాత వీటన్నిటినీ కలిపి కుదించి ప్యాక్ చేసేటప్పుడు తేడాల రూపంలో దాచే పద్ధతి కూడా వాడుతుంది. వాడేవారు మాత్రం స్నాప్‌షాట్ల వరుసగానే ఊహించుకోవాలి.

కమిట్లు ఒకదానికొకటి అల్లుకునే తీరు భూమి రిజిస్ట్రేషన్‌లోని లింక్ డాక్యుమెంట్లను గుర్తు చేస్తుంది. ప్రతి దస్తావేజులో ముందు దస్తావేజు నంబర్ ఉంటుంది, దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్లవచ్చు. గిట్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ముందు కమిట్ గుర్తింపు కూడా లెక్కలో కలుస్తుంది కాబట్టి, పాత కమిట్‌లో ఒక్క అక్షరం మారినా దాని గుర్తింపుతో పాటు తర్వాతి కమిట్లన్నిటి గుర్తింపులూ మారిపోతాయి.

ఈ ఒక్క విషయం తెలిస్తే చాలా తికమకలు విడిపోతాయి. కమిట్ మెసేజ్‌లో అక్షర దోషాన్ని ‘అమెండ్’తో సవరించినప్పుడు పాత కమిట్ మారదు, దాని స్థానంలో కొత్తది పుడుతుంది. అప్పటికే పాతదాన్ని పుష్ చేసి ఉంటే, తర్వాతి పుష్‌ను సర్వర్ ఒప్పుకోదు. తన దగ్గరున్న కమిట్ కొత్త వరుసలో లేదు కనుక, ఒప్పుకుంటే దాన్ని పోగొట్టుకున్నట్టే. దీనికి సర్వర్‌లో ఉన్నదాన్ని తోసిపుచ్చి రాసే ఫోర్స్ పుష్ వాడమనే సలహా నెట్‌లో సులభంగా దొరుకుతుంది. ఒక్కరే వాడే రిపోజిటరీలో (హిస్టరీతో సహా ప్రాజెక్టును దాచే చోట) దానివల్ల పెద్ద నష్టం లేదు. టీం ప్రాజెక్టులో మాత్రం అది తోటివారి కమిట్లను చెరిపేయగలదు.

పనిని విడిగా కొనసాగించడానికి పెట్టుకునే బ్రాంచ్ అంటే ఫోల్డర్‌కు కాపీ అనుకోవడం మరో పొరపాటు. అది ఒక కమిట్ గుర్తింపును రాసి పెట్టుకున్న చిన్న ఫైల్ మాత్రమే. కొత్త కమిట్ చేసినప్పుడు ఆ పేరు ముందుకు జరుగుతుంది. ‘హెడ్’ అనేది ప్రస్తుతం ఏ బ్రాంచ్ మీద ఉన్నారో చెబుతుంది. బ్రాంచ్ పేరును వదిలి నేరుగా ఒక పాత కమిట్‌కు వెళితే హెడ్‌కు బ్రాంచ్ తోడు ఉండదు. ‘డిటాచ్డ్ హెడ్’ అంటే ఇంతే. అక్కడ చేసిన పనిని నిలబెట్టుకోవాలంటే ఆ చోట ఒక కొత్త బ్రాంచ్ సృష్టించుకుంటే చాలు.

మూడు చోట్లు

గిట్‌లో ఒక మార్పు మూడు చోట్ల ఉండవచ్చు. మొదటిది ఎడిటర్‌లో కనిపించే మామూలు ఫోల్డర్. రెండోది స్టేజింగ్, అంటే వచ్చే కమిట్‌లో ఏవి ఉండాలో పేర్చిపెట్టే చోటు. మూడోది కమిట్లు దాగే రిపోజిటరీ. గిట్ యాడ్ మొదటి చోటు నుంచి రెండో చోటుకు, గిట్ కమిట్ రెండో చోటు నుంచి మూడో చోటుకు తీసుకెళతాయి.

ఇక్కడ అందరూ ఒకసారైనా దెబ్బతినే చోటు ఉంది. యాడ్ చేసిన క్షణంలో ఫైల్ ఎలా ఉందో ఆ రూపమే స్టేజింగ్‌కు వెళుతుంది. యాడ్ తర్వాత ఇంకో లైన్ సరిచేసి, మళ్లీ యాడ్ చేయకుండా కమిట్ చేస్తే, కమిట్‌లో పాత రూపమే ఉంటుంది. ‘సరిచేశాను, కానీ గిట్‌హబ్‌లో తప్పే కనిపిస్తోంది’ అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. ఏ మార్పు ఏ చోట ఉందో చూపే గిట్ స్టేటస్ కొడితే అదే ఫైల్ పేరు రెండు చోట్లా కనబడి విషయం చెబుతుంది. స్టేటస్‌ను ప్రతి కమాండ్‌కు ముందూ తర్వాతా చూసే అలవాటు, కొత్తగా నేర్చుకునే పది కమాండ్లకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల పేర్లు రాసే గిట్ ఇగ్నోర్ ఫైల్ విషయంలోనూ ఇలాంటి అపోహ ఉంది. అందులో పేరు రాస్తే గిట్ ఆ ఫైల్‌ను వదిలేస్తుందని నమ్ముతారు. అప్పటికే కమిట్ అయిన ఫైల్‌కు అది వర్తించదు. ముందు ఆ ఫైల్‌ను గిట్ ట్రాకింగ్ నుంచి తీసేయాలి.

కమాండ్ల పేర్లలో కూడా లోపం ఉంది. గిట్ చెకౌట్ అనే ఒకే కమాండ్ బ్రాంచ్ మారడానికీ, ఫైల్లోని మార్పులను పారేయడానికీ పనికొచ్చేది. ఒకటి హాని లేని పని, రెండోది రాసినదాన్ని చెరిపేసే పని. ఈ ఇబ్బందిని గుర్తించి 2019 ఆగస్టులో వచ్చిన 2.23 వెర్షన్‌లో స్విచ్, రిస్టోర్ అని రెండు వేర్వేరు కమాండ్లు పెట్టారు. పాత పాఠాలు ఇంకా చెకౌట్‌నే చూపిస్తున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవారు స్విచ్, రిస్టోర్‌లతో మొదలుపెట్టడం మంచిది.

వెనక్కి వెళ్లడం ఎందుకు ఇన్ని రకాలు?

మామూలు ఎడిటర్‌లో అన్‌డూ ఒక్కటే ఉంటుంది. గిట్‌లో మార్పు ఏ చోటుకు చేరిందో దాన్నిబట్టి వెనక్కి తీసుకునే దారి మారుతుంది. ఫోల్డర్‌లో ఉన్న మార్పును రిస్టోర్ తీసేస్తుంది. స్టేజింగ్‌లో ఉన్నదాన్ని రిస్టోర్‌కే స్టేజ్డ్ అనే ఆప్షన్ ఇచ్చి దించవచ్చు. కమిట్ అయి, ఇంకా పుష్ కానిదాన్ని రీసెట్‌తో వెనక్కి తీయవచ్చు. పుష్ అయిపోయినదానికి సరైనది రివర్ట్. పాత కమిట్‌ను ముట్టుకోకుండా, దాని ప్రభావాన్ని రద్దు చేసే కొత్త కమిట్‌ను అది చేరుస్తుంది. అందుకే టీంలో ఎవరి హిస్టరీ చెడిపోదు.

వీటిలో ఏది ప్రమాదకరం అనే విషయంలో సాధారణ అంచనా తలకిందులుగా ఉంటుంది. కమిట్ అయినదాన్ని పోగొట్టుకుంటామని భయపడతారు, కమిట్ కానిదాన్ని ధీమాగా వదిలేస్తారు. కమిట్ అయినది అంత తేలిగ్గా పోదు. హెడ్ ఎక్కడెక్కడ తిరిగిందో గిట్ ‘రెఫ్‌లాగ్’లో రాసుకుంటుంది. డిఫాల్ట్‌గా ఆ నమోదులు 90 రోజులు, ఏ బ్రాంచ్‌కూ అందని కమిట్లవైతే 30 రోజులు ఉంటాయి. తప్పుగా రీసెట్ చేసినా అందులో పాత గుర్తింపు వెతికి తిరిగి వెళ్లవచ్చు. ఒక్కసారి కూడా యాడ్, కమిట్ చేయని మార్పును రిస్టోర్‌తో పారేస్తే మాత్రం గిట్ దగ్గర దాని ఆనవాలే ఉండదు. పని చిన్న ముక్క పూర్తయిన ప్రతిసారీ కమిట్ చేయమనే సలహాకు అసలు బలం ఇక్కడుంది.

గిట్ వేరు, గిట్‌హబ్ వేరు

గిట్ కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్. గిట్‌హబ్ 2008లో మొదలై, 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొన్న వెబ్ సేవ. గిట్‌ల్యాబ్, బిట్‌బకెట్ లాంటివి కూడా అదే కోవలోకి వస్తాయి. గిట్‌కు అకౌంట్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. పుల్ రిక్వెస్ట్ (నా మార్పును కలుపుకోమనే అభ్యర్థన), ఫోర్క్ (ఇతరుల ప్రాజెక్టుకు సొంత ఖాతాలో కాపీ), ఇష్యూ (సమస్యపై చర్చ) అనేవి గిట్‌హబ్ లాంటి సేవలు చేర్చిన సదుపాయాలు.

ఈ తేడా చెప్పకుండా నేర్పితే మొదటి గంటలోనే అడ్డంకులు వస్తాయి. 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ గిట్ పనులకు అకౌంట్ పాస్‌వర్డ్‌ను ఒప్పుకోవడం లేదు. పాస్‌వర్డ్ బదులు వాడే టోకెన్ గానీ, ఎస్‌ఎస్‌హెచ్ కీ గానీ కావాలి. పాత వీడియో చూసి పాస్‌వర్డ్ కొట్టినవారు అక్కడే ఆగిపోతారు. 2020 అక్టోబర్ నుంచి గిట్‌హబ్‌లో కొత్త రిపోజిటరీల మొదటి బ్రాంచ్ పేరు ‘మెయిన్’ అయింది. సొంత కంప్యూటర్‌లోని గిట్ సెట్టింగ్‌లో ‘మాస్టర్’ ఉంటే రెండు పేర్లూ కలవక మరో తికమక. ఇవేవీ గిట్ సిద్ధాంతానికి చెందినవి కావు. అయినా కొత్తవారు ‘గిట్ రావడం లేదు’ అని వదిలేసేది ఎక్కువగా ఇలాంటి చోటే.

కాలేజీ ల్యాబ్ కంప్యూటర్లలో ఇంకో చిక్కు. కమిట్‌లో రాసే పేరు, ఈమెయిల్ కంప్యూటర్‌లోని సెట్టింగ్ నుంచి వస్తాయి. అవి నిజమా కాదా అని గిట్ పరిశీలించదు. ముందు బ్యాచ్ విద్యార్థి పెట్టిన పేరు అలాగే ఉంటే, ఇవాళ రాసిన కోడ్ అతని పేరుతో నమోదవుతుంది. గిట్‌హబ్ ప్రొఫైల్‌లో రోజువారీ పనిని చూపే పచ్చ గడులు ఈమెయిల్ ఆధారంగా లెక్కించేవి కాబట్టి, పనిచేసినవారి ఖాతాలో ఆ పని కనిపించదు. తేదీని కూడా సెట్టింగ్‌తో మార్చవచ్చు. ఇంత తేలిగ్గా మారిపోయే గడులను చూసి అభ్యర్థి సామర్థ్యాన్ని అంచనా వేయడం సరైన పద్ధతి కాదు. నాలుగైదు కమిట్లు తెరిచి, వాటి మెసేజ్‌లు, డిఫ్‌లు చదివితే చాలా ఎక్కువ తెలుస్తుంది.

లెక్కల మీద మోజు ఎక్కడికి దారితీస్తుందో 2020 అక్టోబర్‌లో కనబడింది. డిజిటల్‌ఓషన్ సంస్థ ఏటా జరిపే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపినవారికి టీషర్టు ప్రకటించారు. ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో ఒకటి రెండు మాటలు చేర్చి పంపిన రిక్వెస్టులు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను ముంచెత్తాయి. అక్టోబర్ 3న నిబంధనలు మార్చి, పాల్గొంటామని స్వయంగా ప్రకటించిన ప్రాజెక్టులకే లెక్క పరిమితం చేశారు. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్‌కూ ఇలాంటి అనుభవమే ఎదురైంది. భారతీయ విద్యార్థుల కోసం చేసిన ఒక వీడియో పాఠంలో ఆ రిపోజిటరీని ఉదాహరణగా చూపించడంతో, చూసినవారు దాని రీడ్‌మీకే అర్థంలేని మార్పులు పంపారు. ఆ విద్యార్థులకు చెడు ఉద్దేశం లేదు. అటువైపు ఒక మనిషి జీతం లేకుండా కూర్చుని ప్రతి రిక్వెస్టునూ చదువుతాడని వారికి ఎవరూ చెప్పలేదు. సాధన కోసం సొంత రిపోజిటరీ గానీ, స్నేహితుడిది గానీ వాడితే ఎవరికీ నష్టం ఉండదు.

మార్క్‌డౌన్ పక్కనే ఎందుకు ఉంటుంది?

రిపోజిటరీ తెరవగానే కనిపించే రీడ్‌మీ దాదాపు ఎప్పుడూ మార్క్‌డౌన్‌లోనే ఉంటుంది. 2004లో జాన్ గ్రూబర్, ఆరన్ స్వార్ట్జ్ సహకారంతో దీన్ని రూపొందించారు. ఈమెయిళ్లలో జనం అప్పటికే వాడుతున్న అలవాట్లను తీసుకుని, ముడి రూపంలో చదివినా ఇబ్బంది లేని రాత పద్ధతి తేవాలన్నది ఉద్దేశం. # పెడితే శీర్షిక, - పెడితే జాబితా,  ** గుర్తుల మధ్య రాస్తే బోల్డ్. ఒక పూటలో నేర్చుకోవచ్చు.

గిట్‌తో దీని బంధం లైన్ల దగ్గర ఉంది. గిట్ చూపించే డిఫ్, చేసే మెర్జ్ రెండూ లైన్ల వారీగా నడుస్తాయి. వర్డ్ ఫైల్‌ను గిట్‌లో పెడితే అది దాచుకుంటుంది గానీ, ఏం మారిందో చూపలేదు. ఆ ఫైల్ లోపల కుదించిన ప్యాకెట్ కాబట్టి గిట్‌కు అది అర్థంకాని బైట్ల ముద్ద. ఇద్దరు మార్చిన వర్డ్ ఫైళ్లను కలపనూ లేదు. మార్క్‌డౌన్ మామూలు టెక్స్ట్ కనుక కోడ్‌కు ఉన్న సౌకర్యాలన్నీ దానికీ వస్తాయి.

ఇంకా ముఖ్యమైన అమరిక ఒకటుంది. మార్క్‌డౌన్‌లో ఒకసారి ఎంటర్ కొడితే కొత్త పేరా మొదలవదు. వరుస లైన్లు కలిసి ఒకే పేరాగా కనిపిస్తాయి, కొత్త పేరాకు మధ్యలో ఖాళీ లైన్ కావాలి. కొత్తవారికి ఇది లోపంలా అనిపిస్తుంది. దీన్నే అనుకూలంగా వాడుకోవచ్చు. ప్రతి వాక్యాన్ని ఒక కొత్త లైన్‌లో రాస్తే, పేజీలో పేరా మామూలుగానే కనిపిస్తుంది, డిఫ్‌లో మాత్రం మారిన వాక్యమే విడిగా కనబడుతుంది. ఇద్దరు ఒకే పేరాలో వేర్వేరు వాక్యాలు మార్చినప్పుడు గొడవ కూడా తగ్గుతుంది. గిట్‌హబ్‌లో రీడ్‌మీ ఫైల్ ఈ నియమాన్ని పాటిస్తుంది. అదే గిట్‌హబ్‌లో ఇష్యూల కింద రాసే కామెంట్లలో మాత్రం ఒక్క ఎంటర్‌కే లైన్ మారిపోతుంది.

ఒకే సైట్‌లో రెండు తీర్లు ఉండటానికి మూలం మార్క్‌డౌన్ తొలి వివరణలోనే ఉంది. అందులో చాలా సందర్భాలకు స్పష్టమైన నియమం లేదు. ప్రతి సైట్ తనకు తోచినట్టు అమలు చేసుకుంది. 2014లో జాన్ మెక్‌ఫర్లేన్, జెఫ్ అట్‌వుడ్ తదితరులు కామన్‌మార్క్ పేరుతో కచ్చితమైన నియమావళి తెచ్చారు. 2017లో గిట్‌హబ్ దాని ఆధారంగా తన రూపాన్ని ప్రకటించి, టేబుళ్లు వంటివి అదనంగా చేర్చింది. అందుకే # తర్వాత ఖాళీ వదలకుండా రాస్తే పాత పద్ధతిలో శీర్షిక అయ్యేది, ఇప్పుడు గిట్‌హబ్‌లో కాదు. వాట్సాప్‌లో ఒక్క * తో బోల్డ్ అలవాటైనవారికి మార్క్‌డౌన్‌లో అదే గుర్తు ఇటాలిక్ ఇస్తుంది. ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోట పనిచేయకపోతే ముందుగా అక్కడ ఏ రకం మార్క్‌డౌన్ నడుస్తోందో చూడాలి.

తెలుగులో రాస్తే వచ్చే చిక్కులు

తెలుగులో విభక్తి పదానికి అతుక్కుని ఉంటుంది. ‘గిట్’ను బోల్డ్ చేసి ‘లో’ను మామూలుగా ఉంచాలంటే గుర్తు పదం మధ్యలో పడుతుంది. కామన్‌మార్క్‌లో **గిట్**లో అని రాస్తే పనిచేస్తుంది. __గిట్__లో అని రాస్తే పనిచేయదు. ప్రోగ్రామర్లు పేర్ల మధ్య అండర్‌స్కోర్ వాడతారు కాబట్టి, పదం మధ్యలో వచ్చే అండర్‌స్కోర్‌ను గుర్తుగా తీసుకోకూడదని నియమం పెట్టారు. కనుక తెలుగుకు నక్షత్రం గుర్తే మేలు. పదాన్ని కొటేషన్లలో పెట్టి, వాటిని కూడా నక్షత్రాల మధ్య ఉంచి, వెంటనే విభక్తి చేర్చితే నక్షత్రాలు కూడా పని చేయవు, అలాగే బయటికి కనిపిస్తాయి. కొటేషన్లను నక్షత్రాలకు బయట పెడితే సరిపోతుంది. ఇక ఇటాలిక్ విషయానికొస్తే, చాలా తెలుగు ఫాంట్లలో విడిగా వాలు రూపం ఉండదు. బ్రౌజర్ అక్షరాలను వంచి చూపిస్తే చదవడం కష్టమవుతుంది. బోల్డ్ వాడటమే నయం.

ఫైల్‌కు తెలుగు పేరు పెడితే గిట్ స్టేటస్‌లో పేరు బదులు అంకెలు వస్తాయి. ‘గ’ అక్షరం స్థానంలో \340\260\227 అని కనబడితే ఫైల్ చెడిపోయిందని కంగారుపడతారు. ఫైల్ క్షేమంగానే ఉంటుంది. తెలుగు అక్షరాల కోడ్ ఒక్కొక్కటీ అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు, వాటిని గిట్ అంకెలుగా చూపిస్తోంది. కోర్ విభాగంలోని కోట్‌పాత్ సెట్టింగ్‌ను ఫాల్స్‌గా మార్చితే పేర్లు తెలుగులోనే వస్తాయి.

కంటికి కనబడని తేడా ఇంకొకటి. పొల్లు తర్వాత అక్షరాలు కలిసిపోకుండా కొన్ని కీబోర్డులు ఒక అదృశ్య అక్షరాన్ని చేరుస్తాయి. పదం చివర అది ఉన్నా లేకున్నా చూపుకు ఒకేలా ఉంటుంది. గిట్‌కు మాత్రం రెండూ వేర్వేరు. ఏమీ మార్చని లైన్ డిఫ్‌లో మారినట్టు వస్తే అనుమానించాల్సింది దీన్నే. ఫైల్ మొత్తం మారినట్టు వస్తే కారణం వేరు కావచ్చు. విండోస్, లైనక్స్ లైన్ చివర పెట్టే గుర్తులు వేరు. అవి మారితే ప్రతి లైన్ మారినట్టే. పొడవాటి లైన్లలో ఏ పదం మారిందో వెతుక్కోవాల్సి వస్తే డిఫ్‌కు వర్డ్-డిఫ్ ఆప్షన్ ఇవ్వవచ్చు. అది ఖాళీల ఆధారంగా పదాలను విడదీస్తుంది కనుక తెలుగుకూ బాగానే పనిచేస్తుంది.

డిలీట్ చేసినా పోనివి

హిస్టరీ గట్టిగా నిలవడం గిట్ బలం. రహస్యాల విషయంలో అదే ముప్పు. ఏపీఐ కీనో (ఆన్‌లైన్ సేవను వాడటానికి ఇచ్చే రహస్య కోడ్), డేటాబేస్ పాస్‌వర్డ్‌నో కమిట్ చేసి, తర్వాతి కమిట్‌లో ఫైల్ తీసేస్తే, పాత స్నాప్‌షాట్‌లో అది అలాగే ఉంటుంది. రిపోజిటరీ పబ్లిక్ అయితే ఎవరైనా చదవవచ్చు. ఇలాంటి కీల కోసం నిత్యం వెతికే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. 2024లో గిట్‌హబ్ పబ్లిక్ రిపోజిటరీలకు, రహస్య కీలున్న పుష్‌ను ఆపే పుష్ ప్రొటెక్షన్‌ను డిఫాల్ట్‌గా పెట్టింది. తెలిసిన నమూనాల్లో ఉన్న కీలనే అది పట్టుకోగలదు, సొంతంగా పెట్టుకున్న పాస్‌వర్డ్‌ను గుర్తించకపోవచ్చు. బయటపడ్డ కీని ముందుగా రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. హిస్టరీని శుభ్రం చేయడం ఆ తర్వాతి పని.

ఏ వరుసలో నేర్చుకుంటే మేలు?

ఇప్పటి పాఠాలు ఎక్కువగా గిట్‌హబ్ అకౌంట్‌తో మొదలవుతాయి. ఆ వరుసను తిప్పితే ప్రయోజనం ఉంటుంది. మొదట నెట్ లేకుండా, సొంత కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్, అందులో ఒక మార్క్‌డౌన్ ఫైల్. చదువుతున్న సబ్జెక్టు నోట్సు తెలుగులోనే రాసుకోవచ్చు. వాక్యం మార్చడం, స్టేటస్ చూడటం, డిఫ్ చదవడం, కమిట్ చేయడం. ప్రోగ్రామింగ్ భాషలోని తప్పులు మధ్యలో రావు కాబట్టి దృష్టి గిట్ మీదే ఉంటుంది. తర్వాత బ్రాంచ్‌లు, మెర్జ్. గిట్‌హబ్, టోకెన్లు, పుల్ రిక్వెస్టులు ఆ తర్వాత.

ఏఐ కోడింగ్ సాధనాలు వచ్చాక ఈ పునాది అవసరం ఇంకా పెరిగింది. అవి ఒక్క మాటకు పది ఫైళ్లు మార్చేస్తాయి. అడిగే ముందు కమిట్ చేసి ఉంటే, తర్వాత డిఫ్ చూసి ఏ లైన్ ఎందుకు మారిందో పరిశీలించవచ్చు, నచ్చకపోతే వెనక్కి వెళ్లవచ్చు. ముందు కమిట్ లేకపోతే తన రాత ఏదో, యంత్రం రాత ఏదో తేల్చుకోవడం కష్టం. ఈ సాధనాలు ఇచ్చే జవాబులు, అవి చదివే ప్రాజెక్టు సూచనలు కూడా ఎక్కువగా మార్క్‌డౌన్‌లోనే ఉంటున్నాయి.

మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్‌ను మాత్రం అనుకోకుండా ఎదురయ్యే వరకు ఆగకుండా కావాలని సృష్టించుకుని చూడాలి. గిట్ రెండు బ్రాంచ్‌లను కలిపేటప్పుడు వాటికి ఉమ్మడి మూలమైన పాత కమిట్‌ను కూడా చూస్తుంది. ఒక లైన్‌ను ఒకవైపే మార్చి ఉంటే ఆ మార్పును తీసుకుంటుంది. రెండువైపులా వేర్వేరుగా మార్చి ఉంటే ఏది సరైనదో దానికి తెలియదు, అందుకని మనిషిని అడుగుతుంది. నోట్సు ఫైల్లో ఒకే వాక్యాన్ని రెండు బ్రాంచ్‌లలో రెండు రకాలుగా మార్చి మెర్జ్ చేస్తే ఇది కళ్లముందే జరుగుతుంది. <<<<<<< నుంచి ======= వరకు ప్రస్తుత బ్రాంచ్ వాక్యం, అక్కడి నుంచి >>>>>>> వరకు కలపబోతున్న బ్రాంచ్ వాక్యం ఉంటాయి. కావాల్సిన వాక్యం ఉంచి, మిగిలింది, ఆ మూడు గుర్తుల లైన్లు తీసేసి, ఫైల్‌ను యాడ్ చేసి కమిట్ చేస్తే మెర్జ్ పూర్తవుతుంది. మధ్యలో మనసు మారితే మెర్జ్‌కు అబార్ట్ ఆప్షన్ ఇస్తే ఫైల్ మెర్జ్‌కు ముందున్న రూపానికి వెళుతుంది.